ఒడ్డుకి చేరావా

పదకొండో భాగం

"మళ్ళీ వచ్చాడక్కా," అంది అకేలో, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

అపొండి గడప దగ్గరే ఆగిపోయింది. చేతిలో టీ గ్లాసు ఉంది. అది ఎవరికోసం తెచ్చిందో మరిచిపోయినట్టు అలాగే పట్టుకుని నిలబడింది.

సర్వర్లో ఆ నిమిషాన ఎవరెవరి పనులు నడుస్తున్నాయో స్క్రీన్ మీద జాబితాగా కనిపిస్తోంది. ఎవరి పని ఎక్కువ తింటే వాళ్ళ పేరు పైకెక్కుతుంది. పైనుంచి కిందిదాకా ఒకటే పేరు. ఒగ్వెనో. ఒగ్వెనో. ఒగ్వెనో. పది నిమిషాల కిందటే అకేలో ఆ పనులన్నిటినీ ఒక్క దెబ్బకి ఆపేసింది. జాబితా ఖాళీ అయింది. సర్వర్ పెట్టె రొద తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపే ఒక్కొక్కటే లేచి కూర్చున్నాయి.

ఒగ్వెనో వాళ్ళిద్దరి మొగుడు. ఏడు నెలల కిందట సరస్సు మీదికి వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. పడవ దొరికింది గాని మనిషి దొరకలేదు. శవం దొరకనివాడికి ఆ సరస్సు ఒడ్డున ఏం చేస్తారో అదే చేశారు. యాగో చెట్టు కాయ కోసుకొచ్చి, గుడ్డ చుట్టి, పేరు పెట్టి పిలిచి, పెద్ద భార్య ఇంటికి కుడిపక్క పూడ్చారు. ఆ మట్టి మీద గడ్డి కూడా మొలిచింది. ఆయన లాగిన్ పేరు మాత్రం సర్వర్లో అలాగే ఉంది. మనిషి రాకుండా పేరెవరు తీస్తారు? ఎవరూ తియ్యలేదు.

"టైమెంతయింది?" అంది అపొండి.

"నాలుగూ పది."

"ఒకుము ఫోన్ ఇంకా కట్టేసే ఉంది."

"ఐదింటికి గాని వెలిగించడు కదక్కా. చార్జింగ్ దాచుకుంటాడు."

ఒకుము అపొండికి ఒక్కడే కొడుకు. నెల్నాళ్ళుగా ఆవలి దీవి మీద గుడిసె వేసుకుని చేపలు పడుతున్నాడు. ఐదింటికి ఫోన్ వెలిగిస్తాడు, మెసేజ్ ఉందో లేదో చూస్తాడు, లేకపోతే లాంతర్లు ఎక్కించుకుని బయల్దేరతాడు. పావుగంటలో సిగ్నల్ దాటిపోతాడు. మామూలు ఫోన్ల మెసేజ్ ఆ దీవికి అందదు, పెట్టె లైను మీంచి పోయేదే అందుతుంది. అతనే కాదు, పదకొండు రేవుల్లో నాలుగువందల పడవల వాళ్ళు అదే చేస్తారు. ఒగ్వెనో పెట్టిన పద్ధతి అది. గాలి ఉంటే 'వద్దు' అని వస్తుంది. ఏమీ రాలేదంటే వెళ్ళొచ్చు. పెట్టినరోజు ఎంత తేలిగ్గా ఉందో ఆ పద్ధతి. నోరు పడిపోయిన పెట్టె కూడా వెళ్ళమనే చెబుతుందని అప్పుడెవరికి తట్టింది?

గురువారం అదే అయింది. సాయంత్రం ఐదుకి పోవలసిన 'వద్దు' రాత్రి తొమ్మిదికి చేరింది. రెండు పడవలు బోల్తాపడ్డాయి. మనుషులు నూనె డబ్బాలు పట్టుకుని తేలారు గనక బతికారు. శుక్రవారం గాలి లేక గండం గడిచింది. ఇవాళ గాలి గురువారం కన్నా పెద్దదని మధ్యాహ్నమే కబురొచ్చింది. పంపాల్సిన మెసేజ్‌ని అకేలో రెండింటికే పెట్టెలో పెట్టింది. అది ఇంకా గుమ్మం దాటలేదు.

బయట మోటారుసైకిల్ ఆగిన చప్పుడైంది. మరిది ఒవాగా తలుపు దాకా వచ్చి లోపలికి అడుగుపెట్టలేదు. మూడు రోజులుగా ఆ ఇంట్లోకి ఎవరూ అడుగుపెట్టడం లేదు.

"చిన్న వదినా, అయిందా?"

"అవుతోంది."

"పొద్దున్నుంచీ అవుతూనే ఉంది. రేవులో జనం ఏమంటున్నారో తెలుసా? గోతిలో కాయ పడుకుంది, పెట్టెలో మా అన్న పడుకున్నాడు అంటున్నారు."

"జనానికేం, నోటికి హద్దుండదు," అంది అకేలో.

"జనం మాట వదిలెయ్. ఆ పేరేంటి మరి అక్కడ, వరసగా?" ఒవాగా గుమ్మంలోంచే మెడ చాచాడు. "నాకు కళ్ళు కనిపించవనుకున్నావా?"

అపొండి టీ గ్లాసుని కిటికీలో పెట్టింది.

"మన రేవు వాళ్ళకి నోటితో చెప్పొచ్చాను," అన్నాడు ఒవాగా, గొంతు తగ్గించి. "పక్క రేవుకి వెళ్తున్నాను, పెట్రోలు ఉన్నంతవరకు. పది రేవులకి నా నోరు చాలదు వదినా. దీవికి బండి పోదు."

బండి వెళ్ళిపోయింది. దీవి అన్న మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

అకేలో మళ్ళీ వేళ్ళు కదిపింది. డిస్కు నిండలేదు. మెమరీలో మాత్రం చోటు లేదు. ఫ్యాను దుమ్ము నిన్ననే దులిపింది. రోగం గురువారం పెట్టెలో ఎక్కించిన కొత్త లినక్స్ సాఫ్ట్‌వేర్‌ది కాదని ఆమెకి నిన్నటినుంచే అనుమానం. ఎక్కించేటప్పుడు ఎక్కడో ఏదో జారింది. ఎక్కడ జారిందో వెతకాలంటే మొగుడు రాసిపెట్టిన ఫైళ్ళన్నీ ఒక్కొక్కటే తెరవాలి. ఏడు నెలలుగా ఆమె తప్పించుకు తిరుగుతున్నది ఆ పనినుంచే. ఇప్పుడు తెరిచింది. మూడో ఫైలు దగ్గర చెయ్యి ఆగింది.

"అక్కా. గురువారం నేను నా ఇంటికి వెళ్ళి వచ్చేలోపు ఇది ఏదైనా అడిగిందా?"

అపొండి కిటికీలోని గ్లాసుని పక్కకి జరిపింది.

"అక్కా, నిన్నే."

"అడిగింది."

"ఏమని?"

"నాకేం తెలుసు ఏమనో. నడుస్తున్నది నడుస్తూ నిలబడిపోయింది. కింద ఏదో అడుగుతోంది. సరే అన్నాను."

"సరే అన్నావా?"

"ఒక్కసారే. ఆ తర్వాత అదే పోయింది."

అకేలో కుర్చీలో వెనక్కి వాలింది. పాత సెట్టింగులు ఉంచమంటావా, కొత్తవి వెయ్యమంటావా అని అడిగి ఉంటుంది. ప్రతి పెద్ద మార్పులోనూ అడుగుతుంది. అందుకే ఆమె గురువారం వందసార్లు చెప్పింది, నేను వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దని. కొత్తవి వెయ్యమని అపొండి వేలు చెప్పేసింది. ఒగ్వెనో ఏళ్ళ తరబడి కూర్చుని దిద్దుకున్న సెట్టింగు ఒక్క మీట నొక్కుడుతో పక్కకి పోయింది.

"నన్ను పిలవొచ్చు కదా. ఇరవై అడుగుల దూరం. కేకేస్తే వచ్చేదాన్ని."

"నా ఇంట్లో పనికి మొదటి చెయ్యి నాది. మికాయిని నేను." మికాయి అంటే పెద్ద భార్య. ఆ మాట అపొండి నోటినుంచి ఎప్పుడు వచ్చినా తలుపు గడియ పడ్డట్టే వస్తుంది. "విత్తనమైనా ముందు నా చేత్తోనే నేలలో పడాలి. నాకన్నా ముందు నువ్వు చల్లితే చిరా శాపం పడుతుంది. పిల్లలు చిక్కిపోతారు. మీ పట్నంలో చెప్పలేదేమో నీకు ఇవన్నీ."

"చెప్పారు. అందుకే నోరు మూసుకున్నాను. నా ఇంట్లో ఉన్న చిన్న పెట్టెలో ముందు ఎక్కించి చూద్దాం, అది పాడైనా పరవాలేదు, తర్వాత ఇది ముట్టుకుందాం అని కాళ్ళావేళ్ళా పడ్డాను. వరస తప్పుతుందన్నావు. పెద్దింట్లోదే ముందన్నావు. సరే అన్నాను. ఇప్పుడు చూడు. పడవల వాళ్ళ జాబితాని ఇది కొత్త పద్ధతిలో రాసుకుంది. చిన్నది దాన్ని చదవలేదు. ఉన్న ఒక్క ఆసరా కూడా పోయింది."

"అంటే నా వల్లే అంటావు."

"ఎవరి వల్లో రేపు మాట్లాడుకుందాం. ఇవాళ ఒకుము సంగతి చూడనీ."

కొడుకు పేరు వినగానే అపొండి చప్పున కూర్చుంది. కూర్చున్న తర్వాతే అకేలో ఆమె మొహం సరిగ్గా చూసింది. కళ్ళ కింద గుంటలు. మూడు రోజులుగా నిద్ర లేని మొహం. కొడుకు బెంగ అనుకుంది.

అంతలో మళ్ళీ ఆ సన్నని రొద వినిపించింది. మూడు రోజులుగా ఆ ఇంట్లో వినిపిస్తూనే ఉంది. గోడలో కందిరీగలు గూడు పెట్టాయేమోనని నిన్న చూరంతా వెతికింది. కాసేపు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. అపొండి చెయ్యి నడుముకి చుట్టిన గుడ్డ మీదికి పోయింది. రొద ఆగింది.

అకేలో స్క్రీన్ వైపు తిరిగింది. పోయిన సెట్టింగు నిజానికి పోలేదు. లినక్స్‌కి ఆ ఒక్క మంచి గుణం ఉంది, పాతదాన్ని పారెయ్యదు, పక్కన వేరే పేరుతో దాచిపెడుతుంది. అందులో మొగుడి చేతిరాతలాంటి వరస ఒకటి కనిపించింది: 'ఒక మనిషికి ఒకసారి ఒకే పిలుపు. మొదటిది ముగిసేదాకా రెండోది లెయ్యకూడదు.' కొత్త ఫైల్లో ఆ వరస లేదు.

పిలుపు.

ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. మెసేజ్ పంపడం పెట్టె చేసే ఒక పని. రెండో పని ఒకటుంది. పడవ తిరిగొచ్చాక ఒడ్డుకి చేరామని ప్రతివాడూ ఫోన్లో చెప్పాలి. చెప్పనివాడికి పెట్టె తానే పొద్దున ఆరింటికి ఫోన్ చేస్తుంది. ఒడ్డుకి చేరావా, చేరితే ఒకటి నొక్కు, అంటుంది. ముందే రికార్డు చేసిపెట్టిన ఒగ్వెనో గొంతుతోనే అంటుంది. నొక్కేదాకా మర్నాడు మళ్ళీ చేస్తుంది. ఎప్పటికీ చేస్తూనే ఉంటుంది.

ఒడ్డుకి చేరానని ఒగ్వెనో ఎన్నడూ చెప్పలేదు.

"అయ్యో దేవుడా," అంది అకేలో మెల్లగా. "అక్కా, ఇది ఆయన్ని పిలుస్తోంది. ఇన్నాళ్ళూ రోజుకొక్కసారి పిలిచేది. ఆ వరస పోయేసరికి, జవాబు రాని ప్రతి రోజుకీ విడిగా ఒక పిలుపు లేపింది. లేచినవన్నీ మళ్ళీ మళ్ళీ లేస్తున్నాయి. వందల పిలుపులు ఆ ఒక్క లైను మీద పడి కూర్చున్నాయి. మన మెసేజ్ వాటి వెనక క్యూలో నిలబడింది. గురువారం ఆలస్యం అయిందీ ఇందుకే."

అపొండి ఏమీ అడగలేదు. పిలుపంటే ఏమిటని గాని, ఎవరిని అని గాని అడగలేదు. ఆ అడగకపోవడం అకేలోకి వింతగా తోచింది గాని ఆలోచించే తీరిక లేదు. నాలుగూ ముప్ఫై.

పాత సెట్టింగు వెనక్కి వెయ్యొచ్చు. అది పనిచెయ్యాలంటే పెట్టెని ఆపి మళ్ళీ లేపాలి. సగంలో ఉన్న అప్‌గ్రేడ్‌తో ఆపితే లేస్తుందన్న నమ్మకం లేదు. మిగిలింది ఒకటే దారి.

"పడవల వాళ్ళ జాబితాలోంచి ఆయన పేరు తీసేస్తాను," అంది. "తీస్తే పిలవడానికి మనిషుండడు. అన్నీ రాలిపోతాయి. అర నిమిషం పని."

"తియ్యవు."

"అక్కా..."

"నా ఇంట్లో కూర్చుని నా మొగుడి పేరు తుడుస్తావా?" అపొండి లేచింది. గొంతు పెద్దది కాలేదు, అందుకే అకేలోకి భయం వేసింది. "మట్టిలో ఉన్నది కాయ. దాని మీద మట్టి వేసింది నేను. కాయ అని తెలిసి వేశాను. ఆయన పేరు బతికున్నచోటు ఇదొక్కటే. దీని మీద చెయ్యి వేస్తే ఊరుకోను."

"ఒకుము పోతే ఊరుకుంటావా?"

ఆ మాట అని ఉండకూడదు. పెరట్లో ఎండబెట్టిన చిట్టి చేపల మీద కాకులు వాలాయి. అదిలించడానికి ఎవరూ లేవలేదు. అకేలోకి మాత్రం తేలికా, ఆమెకీ చెయ్యి రావడం లేదు. చెరిపే కమాండ్ సగం టైపు చేసి ఊరుకుంది. మొగుడి పేరు రాయవలసినచోట గీత మిణుకుమిణుకుమంటోంది.

చేతులకి ఏదో పని కావాలి గనక పిలుపుల చిట్టా తెరిచింది. ఏ పిలుపు ఏమైందో తేదీలవారీగా అందులో ఉంటుంది. మొదటి పద్దెనిమిది రోజులు 'అందలేదు' అని ఉంది. ఉంటుంది మరి, ఆ ఫోను ఆయన చొక్కా జేబులో నీళ్ళలోకి పోయింది.

పంతొమ్మిదో రోజున ఇలా ఉంది: 'మోగింది. ఎత్తారు. నలభై సెకన్లు. నొక్కలేదు.'

అకేలో కళ్ళు నులుముకుంది. ఇరవయ్యో రోజూ అంతే. ఎత్తారు. నలభై సెకన్లు. నొక్కలేదు. పేజీ తర్వాత పేజీ, నెల తర్వాత నెల, రోజూ పొద్దున ఆరింటికి. గురువారం నుంచి నిమిషానికోసారి. చాలావాటిని ఎత్తారు. ఒక్కటీ నొక్కలేదు.

వాడని నంబరుని కంపెనీ వాళ్ళు ఇంకెవరికైనా ఇస్తారని ఆమెకి తెలుసు. పరాయివాడై ఉంటాడు అనుకుంది. కానీ ఏ పరాయివాడు నెలల తరబడి రోజూ ఫోనెత్తి, ఒక్క మాట మాట్లాడకుండా, చివరిదాకా విని పెట్టేస్తాడు? నీళ్ళ అడుగున ఎవరో ఫోను చెవికి ఆనించుకుని వింటున్నట్టు అనిపించి, అకేలో కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుంది. చదువుకున్నదాన్నే, అనుకుంది. అయినా కాళ్ళు దించలేదు.

రొద మళ్ళీ మొదలైంది. కందిరీగల రొద.

ఆమె స్క్రీన్ చూసింది. కొత్త వరస పడింది: 'మోగుతోంది.'

తల తిప్పి చూసింది. అపొండి రెండు చేతులతో నడుము గుడ్డ అదిమి పట్టుకుని ఉంది.

"తియ్యక్కా."

"ఏం తియ్యను?"

"గుడ్డలో ఉన్నది."

అపొండి వేళ్ళు కదిలాయి. ముడి విప్పింది. చిన్న నల్ల ఫోను, మీటలు అరిగిపోయినది. అరచేతిలో వణుకుతోంది. ఆ వణుకు ఆగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

"ఆయన గుర్తింపు కార్డు నా బట్టల పెట్టెలో ఉంది," అంది అపొండి. "పట్నం వెళ్ళి దుకాణంలో చూపించాను. మా ఆయన ఫోను నీళ్ళలో పడింది, అదే నంబరు మళ్ళీ ఇవ్వండి అన్నాను. అబద్ధం కాదుగా. ఇచ్చారు."

"ఎందుకు?"

"ఎవరైనా ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు ఉండొద్దా? ఎవరూ చెయ్యలేదు. మర్నాడు పొద్దున ఆరింటికి మోగింది. ఎత్తితే ఆయనే."

రోజూ ఆరింటికి అపొండి పశువుల దొడ్డి వెనక్కి ఒంటరిగా వెళ్ళడం అకేలో చూస్తూనే ఉంది. ఎవరూ చూడకుండా ఏడ్చుకోవడానికేమో అనుకుని ఎప్పుడూ వెనక వెళ్ళలేదు.

"నొక్కితే ఇక చెయ్యడని తెలుసు," అంది అపొండి. "పడవల వాళ్ళు చెప్పుకుంటారుగా. అందుకే నొక్కలేదు. రోజుకొక్కసారి, చాలు నాకు. గురువారం నా చేత్తో ఆ సరే నొక్కాను. అప్పటినుంచి ఆపడం లేదు చెల్లీ. అన్నం తింటుంటే పిలుస్తాడు, పడుకుంటే పిలుస్తాడు. ఒడ్డుకి చేరావా, ఒడ్డుకి చేరావా. ఎత్తకపోతే తప్పని కుదిరినన్ని ఎత్తాను. నా వేలు తప్పు చేసింది, ఆయనకి కోపం వచ్చింది అనుకున్నాను. ఎవరికి చెప్పుకోను?"

"కోపం కాదక్కా. సెట్టింగు."

"నీకు సెట్టింగే. వింటున్నది నేను." అపొండి ఫోను తిప్పి చూసింది. "ఇంకోటి చెప్తాను, విను. ఆ మాట నీ ఇంట్లో కూర్చుని చెప్పాడు. వెనకాల నువ్వు అన్నానికి పిలుస్తుంటావు. 'వస్తున్నావా, చల్లారిపోతోంది' అని. ఏడు నెలలుగా రోజూ పొద్దున్నే మీ ఇద్దర్నీ విన్నాను. కడుపు మండేది. అయినా విన్నాను."

అకేలోకి ఏడుపొచ్చింది. ఆ గొంతు ఫైలు ఎక్కడుందో ఆమెకి తెలుసు. రోజూ ఆ పెట్టె ముందే కూర్చుంటుంది. తెరిచే ధైర్యం లేక ఒక్కనాడూ తెరవలేదు.

నాలుగూ యాభై రెండు.

"పేరు తుడవొద్దు," అంది అపొండి. "చేరాడని చెబుదాం. గోతిలో కాయ పెట్టి ఆయనే అన్నాం కదా. ఇదీ అలాగే. ఆయన ఫోన్లోంచి, ఆయన చేరినట్టు. అది నొక్కితే మెసేజ్ పోతుందా?"

"పోతుంది. ఒక్కటి నొక్కితే ఆయన పిలుపులన్నీ ఒకేసారి రాలిపోతాయి. వెనకే మన మెసేజ్. రెండు మూడు నిమిషాల్లో నాలుగువందల మందికీ చేరుతుంది."

"మళ్ళీ ఆయన చెయ్యడు."

"చెయ్యడు."

అపొండి తల ఊపింది. ఫోను అకేలో ఒళ్ళో పెట్టింది.

"నేనా? వరస నీది కదక్కా."

"వరస పట్టుకునే గురువారం నొక్కాను. నా చేతికి రాదిది. మూడు రోజులుగా చూస్తున్నాను, బొటనవేలు దాని మీద పెడతాను, ఆయన గొంతు వినగానే వేలు లేచిపోతుంది. నువ్వు చదువుకున్నదానివి. గుండె గట్టిదానివి. ఈ ఒక్కటీ నువ్వు ముందు చెయ్యి. చిరా ఏదైనా ఉంటే నేను పడతాను. నా కొడుకు మాత్రం పడవెక్కకూడదు."

ఫోను వణికింది. అకేలో ఎత్తి చెవికి ఆనించుకుంది. బొటనవేలు ఒకటో అంకె మీద ఉంచుకునే ఎత్తింది.

"నేను ఒగ్వెనోని," అన్నాడు ఆయన, గొంతు సవరించుకుని. ఎప్పుడూ అలాగే సవరించుకునేవాడు. "ఒడ్డుకి చేరావా? చేరితే ఒకటి నొక్కు."

వెనక గిన్నె మూత పడిన చప్పుడు. కోడి. ఆ వెనక ఎవరో ఆడమనిషి, సంతోషంగా ఉన్న ఆడమనిషి, వస్తున్నావా, చల్లారిపోతోంది అంటోంది. అది తన గొంతేనని పోల్చుకోవడానికి అకేలోకి క్షణం పట్టింది. తనకి అలాంటి గొంతు ఉండేదని ఆమె మరిచేపోయింది.

రెండోసారి అడిగాడు. మూడోసారి అడిగాడు. ఆగాడు, జవాబు కోసం ఆగినట్టే. తర్వాత లైను తెగిపోయింది.

"నొక్కావా?" అంది అపొండి.

అకేలో వేలు అంకె మీదే ఉంది. స్క్రీన్ మీద కొత్త వరస పడింది: 'ఎత్తారు. నలభై సెకన్లు. నొక్కలేదు.' పైన గడియారం నాలుగూ యాభై ఆరు చూపిస్తోంది.

"చెల్లీ. నా కొడుకు."

ఫోను మళ్ళీ వణికింది.

"ఇంకొక్కసారి విననీ అక్కా," అంది అకేలో.